ఎవరు గుచ్చారు దీన్ని

మొదట దురద.
దద్దురు లేదు, పొక్కు లేదు,
అరికాళ్లలో, అరిచేతుల్లో, లోపల్నుంచి ఎవరో
గోరు పెట్టి పిలుస్తున్నట్టు.
రాత్రి రెండింటికి కొండిత్తోపు మేడ మీద
నీళ్ల డ్రమ్ముకి పాదాలు ఆనించి కూచునేదాన్ని.
బేసిన్ బ్రిడ్జి వైపు గూడ్సు బండి పోయేది, చాలాసేపు.

తర్వాత కళ్లు.
మింట్ వీధి కొట్లో పగడాలు లెక్కపెడుతుంటే
సేటు భార్య నా గడ్డం పట్టి వెలుతురుకి తిప్పింది,
రాయి అసలో నకిలీనో తేల్చే చూపుతో.
"పసుపు దిగింది" అంది.

కామెర్లొచ్చినవాళ్లకి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు.
అబద్ధం.
పగడం ఎర్రగానే ఉంది, ముత్యం తెల్లగానే ఉంది.
పచ్చబడింది నేనొక్కదాన్నే.
అది చూసింది లోకం.

చెంబకం అక్క కీళానెల్లి నూరి మజ్జిగలో ఇచ్చింది, పదకొండు పొద్దులు.
మా ఆడబిడ్డ మంత్రం వేయించింది.
మా ఆయన తరఫు పెద్దమనిషొకాయన గొంతు తగ్గించి,
"తాగుడేమైనా...?" అన్నాడు.
దగ్గు మందు తప్ప
మూత తిప్పి తాగిందేముంది నా బతుకులో.

పెద్దాసుపత్రిలో యాళిని డాక్టరుకి నా కూతురి వయసుంటుంది.
ఫిల్ము కిటికీకి పట్టి,
"పారుంగమ్మా, మణిమాలై మాదిరి" అంది.

మాది పూసలవాళ్ల ఇల్లు.
మా అవ్వ గంప నెత్తిన పెట్టుకుని
నెల్లూరి నుంచి సంత సంతకీ ఆగుతూ ఈ ఊరు చేరింది.
ఏడో ఏట నా చేతికి సూదిచ్చింది.
మాల గురించి నాకు చెబుతుందా ఈ పిల్ల?
కళ్లజోడు సవరించుకుని చూశాను.

ఎవరు గుచ్చారు దీన్ని?
వరస లేదు. లావు పూస పక్కన ఆవగింజ,
మళ్లీ లావు, తర్వాత ఉత్త దారం,
ముడి అక్కర్లేని చోట నాలుగు ముడులు.
మా అవ్వ చూస్తే తెంపి నా మొహాన కొట్టేది.

"పూసలు కావమ్మా" అంది.
కాలేయంలోంచి పసరు దిగే సన్న గొట్టాలట.
వాచి, మాని, మళ్లీ వాచి,
మచ్చకట్టి అక్కడక్కడ బిగుసుకున్నాయట.
బిగిసిన చోటికి పైన దారి లేక ఉబ్బిందట.
నేను పూస అనుకున్నది
ఆగిపోయిన చోటు.

నలభై ఏళ్లు పూసనే చూశాను.
కొనేవాళ్లూ పూసనే చూస్తారు.
దారం సంగతి తెగినప్పుడు.

ఎందుకొచ్చింది? తెలీదు.
మందు? దురదకుంది. దీన్ని ఆపేది ఇంకా లేదు.
మరీ బిగిస్తే తీగ దూర్చి, బుడగ ఊది, వెడల్పు చేస్తారట.
చలిజ్వరం వస్తే ఆ పూటే పరుగెత్తుకు రావాలట.
ఎన్నేళ్లకో కాలేయమే మార్చాల్సి రావచ్చట,
రాకపోనూ వచ్చట.
"తెంపి మళ్లీ గుచ్చకూడదా?" అన్నాను.
ఆ పిల్ల నవ్వలేదు.
నా చెయ్యి పట్టుకుంది, గోళ్ల గీతలున్న చోట.

రాత్రి మునెయ్య పాదాలకి తడిగుడ్డ చుడుతూ
"ఏమంది?" అన్నాడు.
"పసరు ఆగిందంట. పైత్యం."
"ఇరవై ఏళ్లుగా నేను చెబుతోందీ అదేగా."
తమిళంలో విన్నది తెలుగులో నోటికి రాలేదు.
డబ్బా తీశాను.
లావు గాజుపూస, బిగువు, చిన్నది, బిగువు, మళ్లీ లావు.
జానెడు గుచ్చి ట్యూబులైటు కింద పట్టాను.
వేలితో తడిమాడు, బిగువు దగ్గర ఆగి, ఆగి.
చాలాసేపటికి,
"దీన్నెవరూ కొనరే" అన్నాడు.
ఇద్దరం నవ్వాం, కింది వాటావాళ్లు లేచేదాకా.

తెంపలేదు దాన్ని.
తలుపు వెనక మేకుకి, ఆసుపత్రి సంచి పక్కన ఉంది.
మార్చిలో మళ్లీ ఫోటో.